సెదెప్ నర్సు వాడేసిన మాటలు

"నాలుగో వార్డు" వచ్చే వేళకు రాజధాని బిష్కెక్‌లో టీవీ పెట్టని ఇల్లు ఉందంటే ఆ ఇంట్లో కరెంటు పోయిందన్నమాట. నలుగురు నర్సులు, ఒక మతిమరుపు డాక్టరు, వానొస్తే కారే పైకప్పు, ఇంతే కథ. మూతబడ్డ ఒక పాత ఆసుపత్రిలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని ఆ సీరియల్ తీస్తారు. జనం నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, ఇంకా విసుగు రాలేదు. అందరికన్నా ఎక్కువ నవ్వించేది పెద్ద నర్సు సెదెప్. ఆ వేషం సల్కిన్‌ది.

సెదెప్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు. చెడ్డ కబురు ఏదీ నేరుగా చెప్పలేదు. కూరలో మాంసం లేదని చెప్పాలన్నా సరే, వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది, టోపీ సర్దుకుంటుంది, మోకాలి మీద అరచెయ్యి ఆనిస్తుంది, రెండుసార్లు దగ్గుతుంది. "చేతి మీద పెంచుకున్న డేగైనా ఒకనాడు ఎగిరిపోక తప్పదు నాయనా..." అని మొదలుపెడుతుంది. రోగి గుండె పట్టుకుంటాడు. పక్క మంచాల వాళ్ళు దుప్పట్లు ముసుగు పెట్టుకుని ఏడుపు అందుకుంటారు. తీరా తేలేది, ఇవాళ వట్టి రసమేనని. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆ డేగ దేశమంతా తిరిగింది. బస్సు తప్పిపోతే డేగ ఎగిరిపోయిందనేవారు. సంబంధం తప్పిపోయినా అదే మాట.

ఆ డేగ నిజానికి సల్కిన్ సొంతం కాదు. ఆమె మేనమామ అబ్దికెరిమ్‌ది. కోచ్కోర్ లోయలో వాళ్ళ ఊళ్ళో ఎవరింటికి చావు కబురు చేరవేయాలన్నా ఆయనే వెళ్ళాలి. అక్కడ చావును మొహాన కొట్టినట్టు ఎవరూ చెప్పరు. ముందు పెద్దవాళ్ళు పోగవుతారు. పొద్దున్నే కలిసి వెళ్తారు, కూర్చుంటారు, ఖానుల గురించీ కొండల గురించీ ఏళ్ళ గురించీ మాట్లాడతారు. వినేవాళ్ళ గుండెకు తనంతట తానే తెలిసే దాకా ఆ మాటలు దాన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. ఆ పని చేసి చేసి అబ్దికెరిమ్‌కు ఆ కూర్చునే తీరు, ఆ దగ్గు, ఆ టోపీ సర్దుకోవడం ఒంటికి పట్టేశాయి. చిన్నప్పుడు సల్కిన్ ఆయన్ని అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించేది. వేషం అడగడానికి వెళ్ళినప్పుడు కూడా అదే చేసి చూపించింది, వేషం ఇచ్చేశారు. మామయ్య ఏమీ అనలేదు. "మా మేనకోడలు నన్ను టీవీలో పెట్టిందిరా" అని నలుగురిలో నవ్వాడు కూడా. అది ఏడవలేక నవ్విన నవ్వేమో అని ఆమె ఆరా తీయలేదు. ఊరంతా మెచ్చుకుంటుంటే అలాంటివి ఎవరు ఆరా తీస్తారు?

ఆ ఫిబ్రవరిలో డైరెక్టర్ అజత్‌కు ఒక కొత్త బుద్ధి పుట్టింది. మార్చిలో ఆడవాళ్ళ పండగకు, నర్సు వేషాలు వేసేవాళ్ళ తల్లులను ఆటపట్టించి చూపించాలని. మొదటి వంతు పెరిజాత్ తల్లికి వచ్చింది. పెరిజాత్ అందరిలోకీ చిన్న నర్సు, సల్కిన్‌కు సొంత చెల్లెలికన్నా ఎక్కువ. తలాస్‌లో ఉన్న ఆ ముసలావిడ ఇంటికి అజత్ పంపగా ఊరి పెద్దమనుషులు మొహాలు వేలాడేసుకుని వెళ్ళారు. డేగతో మొదలుపెట్టారు. ఆవిడ గుండెలు బాదుకోబోయేసరికి "మీ ఆవు మా పెరట్లో పడి మేస్తోందమ్మా" అన్నారు. కిటికీ తెర వెనక నుంచి కెమెరా బయటికొచ్చింది. పండగ దాకా ఆగలేక చానెల్ వాళ్ళు ఆ ముక్కను ముందే చూపించేశారు. దేశం పొట్ట పట్టుకుని నవ్వింది. చావు మాటతో పరాచికాలేమిటర్రా అని అడిగిన పెద్దమనిషి ఒక్కడు లేడు.

అది చూసిన మర్నాడే సల్కిన్ తల్లి ఉమ్సునై ఫోన్ చేసింది.

"మరి నా వంతెప్పుడే?"

"చెప్పి వస్తారా అమ్మా? చెప్తే ఇంకేం సరదా?"

"అంటే వస్తారన్నమాట! కొత్త తలగుడ్డ తీసి పైన పెట్టుకుంటాలే. ఎటు తిరిగి కూర్చుంటే మొహం బాగా పడుతుందే?"

"నువ్వెటు కూర్చున్నా చందమామవే."

"చాల్లే, ముసలిదాన్ని చేసి ఆడకు. మేదెర్‌క్కూడా చెప్పాను. మాస్కోలో వాడి గదిలో కుర్రాళ్ళందరూ చూస్తారట. వీడి పెళ్ళయ్యే లోపు నేనే పెళ్ళికూతుర్నయ్యేట్టున్నాను!"

మేదెర్ సల్కిన్ తమ్ముడు. తండ్రి పోయేనాటికి వాడింకా తల్లి ఒడి దిగలేదు. ఆ దుఃఖంలో తల్లి మంచం పడితే సల్కినే చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు చలికాలమంతా మాస్కోలో మేడల కప్పుల మీద మంచు తోస్తాడు. వసంతంలో వచ్చి పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చాడు, పిల్ల కూడా కుదిరింది. అక్కతో మాట్లాడిన ప్రతిసారీ "సరే అక్కా, డేగ ఎగిరిపోతోంది" అని ఫోన్ పెట్టేసేవాడు.

అదయ్యాక కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం, ముసలి రోగికి పథ్యం మార్చారని సెదెప్ చెప్పే ఘట్టం తీస్తున్నారు. మొదటిసారికే దివ్యంగా వచ్చింది. మామూలుగా అయితే పెరిజాత్ "అక్కా, రోగి నిజంగానే పోయేట్టున్నాడు, కాస్త చూసుకో" అని ఏదో ఒకటి అంటించేది. ఆ రోజు అనలేదు. లైట్లు పట్టుకున్న వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. అజత్ వచ్చి "చాలా బాగా చేశావక్కా, ఇవాళ్టికి చాలు" అన్నాడు. ఎవరినీ వేళకు ముందు ఇంటికి పంపిన పాపాన పోయిన మనిషి కాదు అతను.

"ఏమైంది?" అంది సల్కిన్.

"ఏం లేదక్కా. అమ్మగారికి కాస్త నలతగా ఉందట. మీ మామయ్య రమ్మన్నారు. కారు సిద్ధంగా ఉంది."

పెరిజాత్ వెనక నిలబడి ఆమె నర్సు టోపీకి పెట్టిన పిన్నులు తీస్తోంది. తీసిన పిన్నునే మళ్ళీ గుచ్చుతోంది.

"పెరీ, ఇలా రా. నా మొహం చూసి చెప్పు. అమ్మకేనా?"

"అమ్మ బాగానే ఉందక్కా. నీ మీద ఒట్టు."

"మరి నలత అంటాడే?"

అమ్మ కాకపోతే సల్కిన్‌కు ఈ లోకంలో మిగిలింది ఒక్కడే. ఆమె ఆ ఉత్తుత్తి రోగి మంచం మీదే కూలబడింది.

"మంచు వల్లేనా?" అని అడిగింది. "కప్పు మీంచి జారాడా?"

పెరిజాత్ ఆమెను వాటేసుకుని బావురుమంది. కబురు పొద్దున్నే వచ్చిందట. ఘట్టం అయ్యేదాకా ఎవరికీ నోరు రాలేదట. సల్కిన్‌కు వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళ చోట తానున్నా అలాగే నోరు కుట్టేసుకుని ఉండేది.

బూమ్ కనుమ దాటి ఊరు చేరేసరికి పొద్దు వాలింది. డ్రైవరు కారును తల్లి ఇంటికి కాక మామయ్య ఇంటికి పోనిచ్చాడు. ఉమ్సునైకి ఇంకా ఏమీ తెలియదు. పొరుగింటి కులిపా "నా ఫోన్ పాడైంది, మనవరాలితో ఒక్క మాట" అని ఆవిడ ఫోన్ పట్టుకుపోయి తిరిగివ్వలేదు. మర్యాద తెలియని మనిషని ఉమ్సునై ఆ పూటంతా కులిపాను తిట్టిపోస్తూనే ఉంది. ఆ తిట్లు గోడ అవతల నుంచి వింటూ కులిపా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. కులిపా పెరట్లోనే లారీలో గుడారం సిద్ధంగా ఉంది. పోయినవాడి ఇంటి ముందు గుడారం వేయాలి, వచ్చే జనానికి పిండివంటలు వేయించాలి. తల్లికి చెప్పకుండా అందులో ఒక్క కర్ర కూడా దించకూడదు.

అబ్దికెరిమ్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. మేనకోడల్ని గుండెకు హత్తుకుని పెద్దగా ఏడ్చాడు. ఏడుపు తగ్గాక టీ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మాయ్, రేపు పొద్దున నేనేం చెప్పాలే?"

"అదేంటి మామయ్యా? ఎప్పుడూ చెప్పేదే కదా?"

"ఎప్పుడూ చెప్పేది నువ్వు చెప్పేస్తున్నావు కదమ్మా, వారం వారం."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. దారి అడిగినట్టు మామూలుగా అన్నాడు. నిష్ఠూరమాడి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

"పోయిన చలికాలం ఒక కాపరి ఇంటికి వెళ్ళాను" అన్నాడు. "మనిషి మంచు కింద పడి పోయాడు. పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళూ ఎదురుగా కూర్చున్నారు. డేగ అన్నానో లేదో, ఆడపిల్లలిద్దరూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నారే! వాళ్ళ తప్పేముంది, పసివాళ్ళు. ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు. ఊళ్ళో ఇప్పుడు ఎవరికి వాళ్ళే ఫోన్లో చెప్పేసుకుంటున్నారు. పోనీలే, నాకూ కాళ్ళు నొప్పులు అనుకున్నా. ఇప్పుడు మనింటికే వచ్చింది. నువ్వే చెప్పు, నాకు ఏ మాట మిగిల్చావు?"

ఆయనే ఒక్కొక్కటీ తీశాడు.

"కొండ కుంగింది?"

"వాడేశాం మామయ్యా. లిఫ్టు ఆగిపోయినప్పుడు."

"ఏరు ఎండింది?"

"అది... కొళాయిలో నీళ్ళు రానప్పుడు."

"ఖానుకైనా గద్దె శాశ్వతమా అన్నది?"

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. "డాక్టరు కుర్చీ విరిగినప్పుడు."

"అన్నీ నమిలేశావు కదే తల్లీ."

"నన్ను నాలుగు తన్ను మామయ్యా."

"తంతే మాటలు తిరిగొస్తాయా?"

చివరికి ఒక్కటి దొరికింది. రౌతు లేకుండా, ఖాళీ జీనుతో గుర్రం ఒక్కటే ఇల్లు చేరడం. ఆసుపత్రిలో గుర్రాలుండవు గనుక ఆ మాట ఒక్కటి బతికి బయటపడింది. ఆయన దాన్ని పెదవుల మీద రెండుమూడుసార్లు తిప్పి చూసుకున్నాడు. సల్కిన్‌కు ఇక కావలసింది ఏమీ లేదు. తమ్ముడు ఎలాగూ లేచి రాడు. తల్లికి ఆ కబురు మెత్తగా, పద్ధతిగా, ఆ ఊళ్ళో ప్రతి తల్లికీ చేరినట్టే చేరితే చాలు. అది కూడా జరగకపోతే తన మొహం తల్లికి ఎలా చూపించాలో ఆమెకు తెలియలేదు.

పొద్దున్నే పెద్దవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక, బయల్దేరారు. చలికి మంచు కరకరలాడుతోంది, ఎవరూ మాట్లాడలేదు. ఏ తల్లికైనా సరే, తెల్లవారగానే గుమ్మంలో అలా వరసగా నిలబడ్డ మనుషులను చూస్తే కాళ్ళు చల్లబడతాయి, అడగకుండానే సగం తెలిసిపోతుంది. ఉమ్సునై తలుపు తీసింది. వరసను చూసింది. చివర్న నిలబడ్డ కూతుర్ని చూసింది. ఆవిడ మొహం పువ్వులా విప్పారింది.

"వచ్చారా! రండి రండి, లోపలికి రండి. ఒక్క క్షణం ఆగండి, మొదలెట్టేయకండి!"

లోపలికి పరుగెత్తి కొత్త తలగుడ్డ చుట్టుకుని వచ్చింది. కిటికీకి ఎదురుగా, పలచటి తెరలోంచి వచ్చే వెలుతురు మొహం మీద పడేలా చూసుకుని కూర్చుంది. బుద్ధిగా మొహం గంభీరంగా పెట్టుకుంది గానీ పెదవి అంచులు ఆగడం లేదు. సల్కిన్ ముందుకు వచ్చి ఆపబోయింది. అప్పటికే పెద్దవాళ్ళు కూర్చున్నారు, మామయ్య దగ్గాడు, ఆయన దగ్గాక మధ్యలో మాట్లాడటమన్నది ఆ ఇళ్ళల్లో లేదు. ఆ ఒక్క మాటైనా పనిచేస్తుందేమోనన్న పిచ్చి ఆశ కూడా ఇంకా చావలేదు.

అబ్దికెరిమ్ టోపీ సర్దుకున్నాడు. మోకాలి మీద అరచెయ్యి ఆనించాడు. ఇంకోలా కూర్చోవడం ఆయనకు రాదు.

"చెల్లెమ్మా... ఎంత మంచి రౌతైనా, ఎంత తెలిసిన దారైనా... ఒక్కోసారి గుర్రం ఒక్కటే ఇల్లు చేరుతుంది. జీను ఖాళీగా..."

ఉమ్సునై ఫక్కున నవ్వింది.

"గుర్రమా! ఇది కొత్తదే! డేగ ముసలిదైపోయిందా అన్నయ్యా?" చేతులు చరిచింది. "అబ్బబ్బ, ఎంత బాగా చేస్తున్నావు! కళ్ళల్లో నీళ్ళు కూడా తెప్పించుకున్నావే! నీ మేనకోడలు నీ దగ్గర నేర్చుకుందో, నువ్వే దాని దగ్గర నేర్చుకున్నావో! సరే కానివ్వండి, ఎవరి ఆవు ఎవరి పెరట్లో పడింది?"

పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. ఆ దించుకోవడం కూడా ఆవిడకు ఆటలో భాగంగానే కనిపించింది. వెనకున్న ఆడవాళ్ళలో ఒకామె వెక్కింది. దానికీ ఉమ్సునై మెచ్చుకోలుగా తలూపింది.

"ఇంక చాల్లెండి, నా పొట్ట నొప్పెడుతోంది. కెమెరా ఎక్కడ పెట్టారో నాకు తెలుసు. పెరిజాత్ వాళ్ళమ్మను అక్కడి నుంచే కదా తీసింది?" అంటూ లేచి కిటికీ తెర బర్రున లాగింది.

కిటికీ అవతల కులిపా పెరడు. పెరట్లో లారీ. లారీలో గుడారం కర్రలు, చుట్టిన కంబళ్ళు. చుట్టూ ఊరి మగవాళ్ళు చలిలో నిలబడి ఉన్నారు. తెర కదలగానే అందరూ ఇటు చూసి, చటుక్కున మొహాలు తిప్పుకున్నారు.

"ఇదేంటి? గుడారం కూడా తెచ్చారా?" మొహం మీద నవ్వు ఇంకా ఉంది గానీ గొంతు మారింది. "ఇది బాలేదే సల్కిన్. ఆవంటే ఆవు, గుర్రమంటే గుర్రం. గుడారంతో ఆడకూడదు. ఇంటికి మంచిది కాదు. మీ డైరెక్టరుతో చెప్పి తీసెయ్యమను."

ఎవరూ కదల్లేదు.

"చెప్పవేం? నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?"

సల్కిన్ వెళ్ళి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఎన్ని వందల కబుర్లు చెప్పిన నోరో అది. ఒక్క ముక్క వచ్చింది.

"కెమెరా లేదమ్మా."

ఉమ్సునై మళ్ళీ కిటికీ వైపు చూసింది. గదిలో ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. అన్న ఉన్నాడు. కూతురు చేతులు పట్టుకునే ఉంది. లేనిది ఎవరో వెతుక్కోవడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు. "మేదెరా?" అంది. ఎవరూ కాదనలేదు.

ఆవిడ ఏడవలేదు. తల మీది కొత్త గుడ్డను ఒక చేత్తో తడుముకుంది.

"నేను నవ్వాను" అంది. "నా బిడ్డ పోయాడని చెప్తుంటే... నవ్వాను కదే."

ఆ తర్వాత అలాగే కూలిపోయింది. అబ్దికెరిమ్ మోకాలి మీది చెయ్యి తీయకుండా ఎక్కడివాడక్కడే కూర్చుండిపోయాడు.

శవం మాస్కో నుంచి ఇంకా రాకముందే, మధ్యాహ్నానికి గుడారం లేచింది. ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. బయట కార్లు ఆగుతున్నాయి, మగవాళ్ళు గుమ్మం దాకా గొంతెత్తి ఏడుస్తూ వస్తున్నారు. అలా వచ్చిన ప్రతి గుంపుకూ లోపలి నుంచి ఆడవాళ్ళు పాటతో బదులివ్వాలి. పోయినవాడిని పేరుపెట్టి పిలిచి, వాడి మంచీ తమ కష్టమూ అల్లి పాడాలి. తల్లి ఇంకా నోరు విప్పలేదు. వంతు అక్కది. అందరూ సల్కిన్ వైపు జరిగి చోటిచ్చారు.

సల్కిన్ నోరు తెరిచింది. తమ్ముడి పేరు పిలిచి మొదటి పాదం ఎత్తుకుంది. ఆ గొంతు తన చెవులకే తగిలింది. సెదెప్ గొంతు. అదే సాగదీత, అదే నిట్టూర్పు. ఎవరూ నవ్వలేదు, ఆ గుడారంలో అంత పాపిష్టి మనిషి లేదు. కానీ గుమ్మం దగ్గర కూర్చున్న ఒక చిన్నవయసు కోడలు గబుక్కున మొహం వంచుకోవడం ఆమె చూసింది. అక్కడికి పాట తెగింది. మళ్ళీ మొదలుపెట్టబోయింది, మళ్ళీ అదే వచ్చింది. చంకనేసుకుని తిప్పిన తమ్ముడు, అన్నం ముద్దలు కలిపి పెట్టిన తమ్ముడు, వాడికోసం ఒక్క పాదం పాడలేకపోయింది. నోరు మూసుకుని నేల చూస్తూ కూర్చుంది. బయట ఏడుపులు బదులు లేక ఆగిపోయాయి. వెనక ఎవరో "టీవీలో అయితే ఎంత మాట్లాడుతుందో" అని గుసగుసలాడారు.

అప్పుడు ఉమ్సునై అందుకుంది. ఆవిడ గొంతు పెద్దదేమీ కాదు.

"మంచు మీదికి పోయిన నా గుర్రప్పిల్లా,
పెళ్ళి గుడారం వేద్దామంటే ఏ గుడారం వేయించావురా,
నీ కబురు మోసుకుని మీ మామ వస్తే
కొత్త గుడ్డ తలకు చుట్టానురా నాయనా,
వెలుతురు చూసుకుని కూర్చున్నానురా,
నవ్వానురా నా కొడకా, చేతులు చరిచి నవ్వాను,
అంత దూరానికి నీకు వినబడిందా?"

ఆడవాళ్ళ వెక్కిళ్ళు ఆగిపోయాయి. చచ్చినవాడి మంచి పాడతారు, బతికినవాళ్ళ దుఃఖం పాడతారు. ఇలాంటిది గుమ్మం బయట బంధువులంతా వింటుండగా ఎవరూ పాడరు. సల్కిన్ మోకాళ్ళ మీద పాకుతూ తల్లి దగ్గరికి వెళ్ళింది.

"అది పాడకమ్మా. అది నీది కాదు, నాది. నా పాపం నువ్వు పాడకు."

ఉమ్సునై పాట ఆపలేదు. కూతురి తలను చేత్తో వంచి ఒళ్ళో పెట్టుకుంది, ఏడ్చే పసిపిల్లను అదిమిపెట్టినట్టు. "నీ అక్కకు గొంతు పోయిందిరా, దాని వంతు కూడా నేనే పాడుతున్నాను" అని పాటలోనే కొడుకుకు చెప్పుకుంది. సల్కిన్ ఆ ఒడిలో మొహం దాచుకుని, అప్పటికి, శబ్దం లేకుండా ఏడ్చింది.

బయట మళ్ళీ ఏవో కార్లు ఆగాయి. కొత్త గొంతులు ఏడుస్తూ గుమ్మం వైపు వస్తున్నాయి. ఉమ్సునై ఊపిరి పీల్చుకుని మొదటి నుంచి ఎత్తుకుంది. మంచు అయింది, గుడారం అయింది, మామ వచ్చాడు. తలగుడ్డ దగ్గరికి వచ్చేసరికి సల్కిన్ తల్లి నడుము గట్టిగా పట్టుకుంది. తర్వాత రాబోయే మాట ఏమిటో ఆమెకు తెలుసు.